చార్టు కంఠతా వచ్చింది, బొమ్మ మాత్రం మారలేదు

ప్రశ్న: విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ దగ్గర ఒక ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలో తెలుగు, పరిసరాల విజ్ఞానం చెబుతున్నాను. ఈ ఏడాది ఒకటి నుంచి అయిదు తరగతుల డ్రాయింగు పీరియడ్లు కూడా నాకే అప్పగించారు. తరగతికి వారానికి ఒక పీరియడు, 40 నిమిషాలు. పిల్లలు ఒక్కో తరగతిలో 40 మంది దాకా ఉంటారు. చిత్రకళలో నాకు ఏ శిక్షణా లేదు. మా ప్రధానోపాధ్యాయిని ఒక చార్టు ఇచ్చి, అందులో ఉన్న కళా మూలకాలను, సూత్రాలను నేర్పమన్నారు. రేఖ, ఆకారం, ఘనరూపం, రంగు, వెలుగునీడలు, టెక్స్చర్, స్థలం అని ఒక వరుస; సమతుల్యత, వైరుధ్యం, ప్రాధాన్యం, చలనం, లయ, అనుపాతం, ఐక్యత అని రెండో వరుస. నాలుగో తరగతి పిల్లలు ఇప్పుడు వీటిని నిర్వచనాలతో సహా అప్పజెబుతున్నారు. కానీ ఇష్టమైన బొమ్మ వేయమంటే అందరూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు వేసి ఇస్తున్నారు. నేను బోర్డు మీద ఏదైనా వేస్తే దాన్నే దించుతున్నారు. ఏ తరగతికి ఏది, ఏ వరుసలో చెప్పాలి? మార్కులు ఎలా వేయాలి? బొమ్మలు సరిగా రాని నేను దీన్ని నేర్పగలనా?
— ఒక ఉపాధ్యాయిని, విశాఖపట్నం

సమాధానం:

టీచరుగారికి నమస్కారం.

మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. నిర్వచనం పిల్లల నోటికి వచ్చింది గానీ చేతికి రాలేదు. కదిలే బిందువు వదిలే జాడే రేఖ అన్న వాక్యం తొమ్మిదేళ్ళ పిల్లకు పదమూడో ఎక్కం లాంటిది. అడిగితే తడుముకోకుండా చెబుతుంది, కాగితం ముందు కూర్చున్నప్పుడు మాత్రం చేతికి అలవాటైన కొండనే వేస్తుంది. అందువల్ల ఈ విద్యాసంవత్సరానికి ఆ చార్టును మీ దగ్గరే ఉంచుకోండి, పిల్లల ముందు పెట్టకండి. మూలకాలను ఒక్కొక్కటిగా, చేతులతో చేసే పనిగా ఇచ్చి, పని పూర్తయిన తరువాత దాని పేరు చెప్పండి. సూత్రాలను పాఠాలుగా చెప్పనే వద్దు. మూడో తరగతి నుంచి, పిల్లలు వేసిన బొమ్మలను గోడకు పెట్టి మీరు అడిగే ప్రశ్నల రూపంలో మాత్రమే వాటిని రానివ్వండి.

చార్టులోని లెక్కను చూసి జంకవలసిన పని కూడా లేదు. మూలకాల జాబితా చాలా పుస్తకాలలో ఇంచుమించు ఒకేలా ఉన్నా, సూత్రాల సంఖ్య పుస్తకానికొక రకంగా ఉంటుంది. కొందరు నమూనాను, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే అల్లికను, కొందరు వైవిధ్యాన్ని చేరుస్తారు, మరికొందరు లయను చలనంలో కలిపేస్తారు. చిత్రరచనను ఇలా భాగాలుగా విడదీసి బోధించే పద్ధతిని అమెరికాలో వ్యాప్తిలోకి తెచ్చినవారిలో ముఖ్యుడైన ఆర్థర్ వెస్లీ డౌ, 1899లో వెలువరించిన తన బోధనా గ్రంథంలో మూడింటినే ఆధారంగా తీసుకున్నాడు: రేఖ, వెలుగు చీకట్ల అమరిక, రంగు. మన వైపు చూస్తే, వాత్స్యాయనుడి కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో చిత్రానికి ఆరు అంగాలు చెప్పారు: రూపభేదాలు, ప్రమాణాలు, భావం, లావణ్యయోజనం (సొగసు కూర్చడం), సాదృశ్యం (పోలిక), వర్ణికాభంగం (రంగుల వాడకం). మీ చార్టులోని ఆకారం, అనుపాతం, రంగు వేరే పేర్లతో ఇందులోనూ ఉన్నాయి. భావం మాత్రం మీ చార్టులో లేదు, అది చిన్న లోటు కాదని నా అభిప్రాయం. మూడు చాలన్న గురువూ ఉన్నాడు, ఆరు అన్న శాస్త్రమూ ఉంది కాబట్టి, మీరు ఏడాదికి నాలుగైదు మూలకాలే పూర్తి చేసినా పిల్లలకు అన్యాయం చేసినట్టు కాదు.

ఇక ఆ రెండు కొండల బొమ్మ. పిల్లల బొమ్మలలో పదేపదే వచ్చే గుర్తులన్నీ ఒకే రకమైనవి కావు. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వయసులో పిల్లలు మనిషికి, ఇంటికి, చెట్టుకు తమదైన ఒక్కో గుర్తు స్థిరపరచుకుని, కాగితం అడుగున నేల గీత గీసి అన్నిటినీ దాని మీద నిలబెడతారని, పైన ఒక పట్టీలాగా ఆకాశం వేస్తారని, పిల్లల చిత్రాల మీద పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే వివరంగా రాశాడు. అమ్మను ఇంటికంటే పెద్దగా వేయడం, గోడ వేసి కూడా లోపలి మంచాన్ని చూపించడం ఆ వయసుకు సహజం, వాటిని దిద్దకండి. రెండు కొండల బొమ్మ అలాంటిది కాదు. అది పిల్లల సొంత గుర్తు కాదు. డ్రాయింగు పుస్తకాల నుంచి, అక్కల నోటుబుక్కుల నుంచి, పోటీల్లో బహుమతి వచ్చిన బొమ్మల నుంచి దిగుమతి అయినది. విశాఖలో అది మరీ విడ్డూరం. ఇక్కడ సూర్యుడు సముద్రం మీద లేచి కొండల వెనక్కు దిగుతాడు. మీ బడి డాబా ఎక్కితే కైలాసగిరి కనిపించే అవకాశం ఉంది, అది చూసినా త్రికోణంలా ఉండదు.

ఆ బొమ్మను నిషేధించకండి, నిషేధిస్తే ఇంకో అరువు బొమ్మ దాని చోటికి వస్తుంది. పిల్లలను డాబా మీదకు తీసుకువెళ్ళి, ఒక కన్ను మూసి, చూపుడు వేలితో గాలిలో కొండ అంచు వెంట గీత గీయమనండి. వేలు ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ చదునుగా సాగింది, ఎక్కడ సముద్రం వైపు జారింది అని అడగండి. రెండుసార్లు గాలిలో గీశాక, అదే గీతను కాగితం మీద పెన్సిలు ఎత్తకుండా ఒక్కసారిలో గీయమనండి. రబ్బరు ముందే తీసి పెట్టెలో వేయించండి. రబ్బరు చేతిలో ఉన్నంతసేపు పిల్ల గీత గీయడం కంటే చెరపడమే ఎక్కువ చేస్తుంది. 40 గీతలు 40 రకాలుగా వస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు, ఏదీ త్రికోణం కాకపోవడం పిల్లలే గమనిస్తారు. రేఖ అనే మాటను ఆ రోజు, ఆ గీతల ముందు నిలబడి చెప్పండి.

రేఖకు ఇంకో రెండు మూడు పీరియడ్లు ఇవ్వవచ్చు. చిన్న తరగతులకు శబ్దాలకు గీతలు గీయమనే ఆట బాగా నడుస్తుంది. అల విరిగిన చప్పుడు, రేకుల మీద వాన, ఆటో ఎక్కుడు మీద మొరాయించడం. పెద్ద తరగతులకు వల ముక్క ఒకటి చేపల రేవు నుంచో జాలారిపేట వైపు నుంచో అడిగి తెచ్చి చూపించండి. దూరం నుంచి వల ఒక మసక బట్టలా కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే దారం, ముడి, మళ్ళీ దారం. సాగదీస్తే కన్ను సన్నబడి పొడవవుతుంది, వదులు చేస్తే వెడల్పవుతుంది. నాలుగు కన్నులను మాత్రమే పెద్దవి చేసి కాగితం నిండా వేయమంటే, గీత కూడా ఆకారాన్ని తయారు చేస్తుందన్న సంగతి వాళ్ళకు చేతి ద్వారానే తెలుస్తుంది. ఆకారానికి అంతకుమించి పెద్ద పాఠం అక్కర్లేదు. పాత దినపత్రికను గీత గీయకుండా కత్తెరతో కత్తిరించి అతికించే పని ఒకటి ఇవ్వండి. కత్తిరించగా మిగిలిన కన్నపు కాగితాన్ని పారేయకుండా అతికించమనండి, అది కూడా ఒక ఆకారమే.

ఘనరూపానికి బంకమట్టిని మించిన పరికరం లేదు. వినాయక చవితి ముందు మట్టి ఎలాగూ దొరుకుతుంది. బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిని మీ పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. కాగితం మీద వేయమంటే అందరూ దాన్ని బల్లపరుపు చేపలా పక్క నుంచి వేస్తారు. అదే మట్టితో చేయమంటే ముందు నుంచి ఎలా ఉంటుంది, పై నుంచి ఎలా ఉంటుంది అన్న ప్రశ్న తప్పించుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే మట్టి బొమ్మను తిప్పి చూసే స్నేహితుడు పక్కనే ఉంటాడు.

రంగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే బడులలో ఎక్కువగా పాడయ్యేది ఈ పాఠమే. ఎరుపు, పసుపు, నీలం ప్రాథమిక రంగులని చెప్పి, మూడు వృత్తాలు గీయించి, నింపించి ముగించేస్తారు. దానికి బదులు ఆరుగురికి ఒక జట్టు చొప్పున పోస్టరు రంగులు, ఒక పాత పళ్ళెం ఇచ్చి, ఈ రోజు పచ్చదనాలు మాత్రమే తయారు చేయాలని చెప్పండి. ముందు పసుపు రంగు వేసి, అందులో కుంచె మొనతో నీలం కొద్దికొద్దిగా కలపమనాలి. నీలంలో పసుపు పోయడం మొదలుపెడితే నీలం మింగేస్తుంది, సీసా అయిపోయినా పచ్చదనం రాదు. ప్రతి మిశ్రమాన్నీ కాగితం మీద ఒక చుక్కగా పెట్టి వరుసలో ఉంచాలి. ఆ తరువాత బడి ఆవరణలో దొరికిన ఆకులను ఆ చుక్కల పక్కన పెట్టి జత కుదర్చమనండి. వేప, అరటి, జామ, కొబ్బరి దేనికదే. మామిడి లేత చిగురు దగ్గర మాత్రం అందరూ ఆగిపోతారు, అది పచ్చగానే ఉండదు గదా. పక్క వారానికి అదే మంచి పని.

రంగుల కొనుగోలులో ఒక చిన్న సంగతి చాలామందికి తెలియదు. ఎరుపు అని వెర్మిలియన్ కొంటే, అందులో నారింజ ఛాయ ఉంటుంది కాబట్టి నీలంతో కలిపినప్పుడు ఊదా రాదు, మురికి గోధుమ రంగు వస్తుంది. పిల్లలు తామేదో తప్పు చేశామనుకుంటారు. ఊదా కావాలంటే క్రిమ్సన్ అనే ఎరుపు కొనండి. నలుపు సీసా మొదటి ఏడాది కొననే వద్దు. ముదురు చేయమంటే పిల్లలు నలుపు కలుపుతారు, దానితో ఏ రంగైనా చచ్చుబడుతుంది. మూడు రంగులూ కలిపితే వచ్చే ముదురు గోధుమ రంగుతోనే వాళ్ళ పని జరుగుతుంది. తెలుపు మాత్రం రెట్టింపు కొనాలి.

డబ్బు లేకపోయినా రంగు పాఠం ఆగదు. ఎర్రమట్టి, బొగ్గు, సుద్ద, పసుపు, బచ్చలి పళ్ళ ఊదా రసం చాలు. పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం పడితే పారాణి ఎరుపు రావడం పిల్లలకు మంత్రంలా ఉంటుంది. అయితే అది రెండు రంగులు కలిస్తే వచ్చిన మూడో రంగు కాదు, రసాయనిక మార్పు. పరిసరాల విజ్ఞానం కూడా మీరే చెబుతారు కాబట్టి ఆ తేడా చెప్పడానికి మీకంటే తగినవారు లేరు. సున్నం పిల్లల చేతికి ఇవ్వకుండా మీరే కలపండి.

సముద్రాన్ని నీలంతో నింపే అలవాటును కూడా ఇక్కడే కదిలించవచ్చు. సెలవు రోజున బీచికి వెళ్ళినవాళ్ళు నీటి రంగును చూసి వచ్చి చెప్పాలని ఒక పని ఇవ్వండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్ళినవాళ్ళు మూడు రంగులు చెబుతారు. వాన వెలిసిన మరునాడు వెళ్ళినవాళ్ళు ఒడ్డు దగ్గర మట్టి రంగు, దూరాన బూడిద రంగు అంటారు. ఎవరిది సరి అని అడగకండి. ఎవరు చూసిన నీటిని వాళ్ళు రంగుల్లో కలిపి చూపించమనండి.

టెక్స్చర్‌ను, అంటే ముట్టుకుంటే తెలిసే గరుకు, నునుపు, పొరపొరలను, కాగితం కింద పెట్టి రుద్దే పనితో నేర్పండి. దీనికి పలచని కాగితం, పైన చుట్టిన కాగితం ఒలిచేసిన మైనపు క్రేయాను కావాలి. క్రేయాను మొనతో కాకుండా పడుకోబెట్టి అడ్డంగా రుద్దాలి, లేకపోతే కాగితం చిరుగుతుంది. ఆకును బోర్లించి, అడుగు భాగం పైకి వచ్చేలా పెట్టాలి, ఈనెలు ఉబ్బి ఉండేది ఆ వైపే. టేకు ఆకు, గోనెసంచి, చెప్పు అడుగు, దువ్వెన, సిమెంటు గోడ, రూపాయి బిళ్ళ, ఏదైనా పనికివస్తుంది. ఇద్దరిద్దరిని కూర్చోబెడితే ఒకరు కాగితం కదలకుండా పట్టుకుంటారు. ఆ రుద్దిన కాగితాలను దాచి, తరువాతి పీరియడులో కత్తిరించి జంతువులు చేయించండి. మొసలికి గోనెసంచి బాగుంటుందా, దువ్వెన బాగుంటుందా అన్న వాదన తరగతిలో తప్పకుండా వస్తుంది. దాన్ని జరగనివ్వండి.

వెలుగునీడలు నాలుగో తరగతికి ముందు వద్దు. మొదలుపెట్టడానికి పలక, బలపం మంచివి, ఎందుకంటే అక్కడ లెక్క తిరగబడి ఉంటుంది: గట్టిగా నొక్కినకొద్దీ వెలుగు, వదిలేస్తే చీకటి. పలక మీద అయిదు గళ్ళు గీసి, మొదటి గడిని ఖాళీగా వదిలి, చివరి గడిని పూర్తిగా తెల్లబరచి, నడుమ మూడింటిని మెట్లుగా కుదర్చమనండి. నడిమి మూడూ ఒకేలా రావడం అందరికీ జరిగేదే. తరువాత అదే పనిని కాగితం మీద పెన్సిలుతో చేస్తే, ఇప్పుడు నొక్కడం చీకటి అవుతుంది, ఆ తిరకాసు పిల్లలకు భలే నచ్చుతుంది. ఆ తరువాతే కిటికీ పక్కన ఒక కోడిగుడ్డు పెట్టి, ఎక్కడ తెల్లగా ఉంది, ఎక్కడ మసకబారింది అని చూపించాలి.

స్థలం, అంటే కాగితం మీద దగ్గర, దూరం చూపించడం, పెద్దలకే కష్టమైన మూలకం. విశాఖ పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. రేవులోకి వెళ్ళే వంతు కోసం సముద్రంలో లంగరు వేసి నిలిచిన ఓడలు ఆర్కే బీచి నుంచి కనిపిస్తాయి. ఒడ్డున ఉన్న మరపడవ వాటికంటే పెద్దగా కనిపిస్తుంది. ఎందుకు అని అయిదో తరగతిలో అడిగితే, దూరంగా ఉన్నవి చిన్నవిగా కనిపిస్తాయి, కాగితం మీద కాస్త పైకి వస్తాయి, ముందున్నది వెనకున్నదాన్ని కొంత కప్పేస్తుంది అన్న మూడు సంగతులూ పిల్లల నోటి నుంచే రాబట్టవచ్చు. ఆ మూడు చాలు. స్కేలుతో గీతలు ఒకచోట కలిపే పర్‌స్పెక్టివ్ పాఠం ఈ వయసులో వద్దు. రెండో తరగతి పిల్లలకైతే ఓడ, పడవ, అమ్మ ఒకే నేల గీత మీద నిలబడి ఉన్నా మీరు ఏమీ అనకండి.

మూలకాల నుంచి సూత్రాలకు దాటే చోట ఒక ఏటికొప్పాక బొమ్మ తెచ్చి తరగతిలో చేతులు మార్పించమని చెబుతాను. ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది, ఇప్పుడది అనకాపల్లి జిల్లా. అక్కడి వారు అంకుడు కర్రను మరమీద గుండ్రంగా తిప్పుతూ చెక్కుతారు. గింజలు, బెరడు, వేర్లు, ఆకుల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కను, తిరుగుతున్న కర్రకు ఆనిస్తే ఆ వేడికి లక్క కరిగి పట్టీలా అంటుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక బొంగరాన్ని చేతిలో పెట్టి, గీత ఎక్కడుంది, రంగు ఎక్కడ మారింది, ఏ పట్టీ మళ్ళీ మళ్ళీ వచ్చింది, ఏది ఒక్కసారే వచ్చింది అని అడగండి. ఆ ఒక్క పట్టీ మీదకే కన్ను ఎందుకు వెళుతోంది అన్న ప్రశ్న వచ్చేసరికి మీరు సూత్రాలలో అడుగుపెట్టినట్టే.

సూత్రాలలో ప్రాథమిక తరగతులకు మూడు చాలునని నా నిర్ణయం: నమూనా, సమతుల్యత, ప్రాధాన్యం. వీటిలో మొదటి రెండూ ముగ్గులో ఉన్నాయి. చుక్కలు పెట్టిన కాగితం మీద నిలువుగా మధ్య గీత గీసి, ఎడమ సగం ఒకరు వేయాలి, కుడి సగం పక్కవాళ్ళు పూర్తి చేయాలి. ఎక్కడో ఒక మెలిక తప్పుతుంది. తప్పిన చోటును వెతికి పట్టుకోవడమే సమతుల్యత పాఠం. తరువాత, నడిమి చుక్క చుట్టూ తిరిగే ముగ్గును, రెండు సగాలుగా మడిస్తే కలిసే ముగ్గును పక్కపక్కన చూపించండి. రెండూ సమతుల్యమే, కానీ వేరు వేరు రకాలు. ముగ్గును ఊహలో మడవలేని పిల్లలు కాగితాన్ని మడిచి చూసుకుంటారు. ఇక రెండు వైపులా ఒకేలా లేకపోయినా బరువు సరిపోయే బొమ్మలున్నాయని అయిదో తరగతిలో చెప్పవచ్చు: కాగితానికి ఒక పక్క పెద్ద ఓడ, రెండో పక్క దూరంగా మూడు చిన్న పడవలు వేయించి చూడండి. ప్రాధాన్యానికి ఒకే ప్రశ్న: బొమ్మను మూడడుగుల దూరం నుంచి చూస్తే ముందు కన్ను ఎక్కడికి వెళ్ళింది? వేసిన పిల్ల అనుకున్న చోటికీ, చూసినవాళ్ళ కన్ను వెళ్ళిన చోటికీ తేడా వస్తే, ఏం మార్చాలో పిల్లే చెబుతుంది. రంగు మార్చాలనో, పెద్దది చేయాలనో, చుట్టూ ఖాళీ వదలాలనో అంటుంది. వైరుధ్యం అన్న మాట ఆ సందర్భంలో దానంతట అదే వస్తుంది. అనుపాతం, ఐక్యత ఆరో తరగతి తరువాత చూసుకోవచ్చు.

తరగతుల వరుస క్లుప్తంగా: ఒకటి, రెండు తరగతులకు రేఖ, ఆకారం, రంగు, ముట్టి తెలుసుకునే టెక్స్చర్, మూడో తరగతికి వాటికి తోడు మట్టితో ఘనరూపం, ముగ్గుతో నమూనా, నాలుగుకు వెలుగునీడలు, సమతుల్యత, అయిదుకు స్థలం, ప్రాధాన్యం. ఒక్కో దానికి కనీసం మూడు నాలుగు పీరియడ్లు పోనివ్వండి. 40 నిమిషాలలో మొదటి అయిదు నిమిషాలు చూడడానికి, 25 నిమిషాలు చేయడానికి, చివరి పది నిమిషాలు గోడకు పెట్టిన బొమ్మల గురించి మాట్లాడడానికి ఉంచుకోండి. సామాన్లు సర్దడానికి ఆ పది నిమిషాల్లోంచే దొంగిలించాల్సి వస్తుంది, తప్పదు. కానీ మాట్లాడే భాగాన్ని పూర్తిగా ఎగ్గొడితే పీరియడు ఉత్త కాలక్షేపం అవుతుంది.

బోర్డు మీద పూర్తి బొమ్మ వేసి చూపించడం మానేయండి. దాన్నే దించడం పిల్లల తప్పు కాదు. బోర్డు మీద రాసినదాన్ని దించడమే మిగిలిన అన్ని పీరియడ్లలో మనం వాళ్ళకు నేర్పుతున్నాం. ఏదైనా పద్ధతి చూపించాల్సి వస్తే, అంటే క్రేయాను ఎలా పడుకోబెట్టాలి, రంగు ఎలా కలపాలి వంటివి, చేసి చూపించి వెంటనే చెరిపేయండి. పిల్లల బొమ్మ మీద మీ పెన్సిలు మాత్రం పెట్టకండి. మాటతో చెప్పలేకపోతే వేరే కాగితం మీద గీసి చూపించండి.

మార్కుల విషయానికి వస్తే, అందానికి మార్కులు వేయవద్దు. ఆ పీరియడులో అడిగిన పని పిల్ల ప్రయత్నించిందా, ఒకటికంటే ఎక్కువ రకాలుగా ప్రయత్నించిందా, తన బొమ్మ గురించి రెండు మాటలు చెప్పగలిగిందా అన్న మూడింటినే చూడండి. అయిదు రకాల పచ్చదనాలు తీసిన పిల్ల, ఒకే ఆకుపచ్చతో చక్కగా నింపిన పిల్లకంటే ఆ రోజు ఎక్కువ నేర్చుకుంది. బొమ్మలన్నీ వెనక తేదీ వేసి పాత క్యాలెండరు అట్టల మధ్య దాచండి. తల్లిదండ్రుల సమావేశంలో జూన్ బొమ్మ, డిసెంబరు బొమ్మ పక్కపక్కన పెడితే వివరించాల్సిన పని ఉండదు. మీ ప్రధానోపాధ్యాయిని చార్టు ఏదని అడిగితే, పూర్తయిన ప్రతి మూలకానికి పిల్లల బొమ్మలే నమూనాలుగా అతికించి, కింద వాళ్ళ చేతే పేరు రాయించిన కొత్త చార్టును చూపించండి. కళలను పాఠాలతో కలిపి నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది కాబట్టి, ఆకుల రంగులు, సముద్రం రంగులు మీ పరిసరాల విజ్ఞానం పీరియడులోకి వచ్చినా ఎవరూ కాదనరు. డ్రాయింగు పోటీలకు పంపమని ఒత్తిడి వస్తే పంపండి. కానీ ఆ పోటీల బహుమతులు చాలాసార్లు పిల్లల చేతికి కాక ఇంట్లో పెద్దల చేతికి వస్తుంటాయని మీకూ తెలుసు, కాబట్టి పీరియడును వాటి సాధనకు ఖర్చు చేయకండి.

మీరు నేర్పగలరా అన్నదానికి జవాబు, నేర్పగలరు. ఈ తరగతులకు బొమ్మ బాగా వేసే చెయ్యి కంటే, పిల్ల చేసినదాన్ని నిదానంగా చూసి సరైన ప్రశ్న అడిగే కన్ను ఎక్కువ అవసరం. ప్రతి పనినీ ముందురోజు రాత్రి ఇంట్లో అదే సామానుతో ఒకసారి మీరే చేసి చూసుకోండి. కాగితం ఎక్కడ చిరుగుతుందో, నీళ్ళు ఎక్కడ ఒలుకుతాయో, ఎంతసేపు పడుతుందో అప్పుడే తెలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది. అక్కడి విద్యార్థులు ఎవరైనా ఒక పూట వచ్చి పిల్లలతో మట్టి పని చేయించగలరేమో అడిగి చూడడంలో తప్పు లేదు.

మొదటి నెలకు పెద్ద ఖర్చు లేదు. ఒకవైపు రాసిన పాత కాగితాలు, పాత దినపత్రికలు, ఒక జిగురు డబ్బా, మొద్దు మొనల కత్తెరలు పది, మైనపు క్రేయాన్ల పెట్టెలు జట్టుకు ఒకటి. రెండో నెలలో పోస్టరు రంగులు కొనేటప్పుడు పసుపు, క్రిమ్సన్, నీలం ఒక్కొక్కటి, తెలుపు రెండు చొప్పున పెద్ద సీసాలు తీసుకోండి. కుంచెలు సన్నవి వద్దు, ఎనిమిదో నంబరు, పదో నంబరు గుండ్రటివి తీసుకోండి. సన్న కుంచె చేతికిస్తే పిల్లలు దాన్ని పెన్సిలులా పట్టుకుని అంచులు గీయడం మొదలుపెడతారు, రంగు కలపడం పక్కన పడుతుంది. నీళ్ళకు కొబ్బరి చిప్పలు కాకుండా అడుగు వెడల్పున్న పాత స్టీలు గిన్నెలు పెట్టించండి, ఇవైతే తొందరగా ఒరగవు.